ప్రొజెక్టరు బల్బు లెక్క

ఈ నెల నేను వ్రాయబోయేది పెద్ద వేదాంత విషయము కాదు. ఒక ప్రొజెక్టరు బల్బు గురించి, ఆ బల్బుకు నేను వ్రాసిన ఒక లెక్క గురించి. ఇది వ్రాయాలా వద్దా అని చాలా దినములు ఆలోచించాను. కాపరికి సంఘపు తప్పులు చెప్పుట సుళువు, తన తప్పు చెప్పుకొనుట కష్టము. కానీ ఇప్పుడు మన గ్రామ సంఘములలో చాలా చోట్ల ప్రొజెక్టర్లు ఉన్నాయి. బల్బులు కాలిపోతున్నాయి. కమిటీలు డబ్బు పోగుచేస్తున్నాయి. కనుక నాకు జరిగినది ఎవరికైనా ఉపయోగపడవచ్చునని వ్రాస్తున్నాను.

నేను డిండి వాగుకు ఇవతల, పాత నల్గొండ జిల్లా చివర ఉన్న ఒక గ్రామ సంఘములో పరిచర్య చేయుచున్నాను. వాగు దాటితే పాత మహబూబ్‌నగర్ జిల్లా. 2016లో జిల్లాలు విడిపోయిన తరువాత అవతలి ఊళ్లు నాగర్‌కర్నూల్ జిల్లాలోనికి వెళ్లాయి గాని, మా పెద్దలు ఇప్పటికీ "పాలమూరు దిక్కు" అనే అంటారు. మాది మెట్ట. వాన పడితే పత్తి, కంది, ఆముదము. పడకపోతే హైదరాబాదులో తాపీ పని, కూలి పని. మా సంఘములో సగము ఇండ్ల మగవారు ఏడాదిలో ఆరు నెలలు పట్నములోనే ఉంటారు. ఇటువంటి సంఘములో పది రూపాయల కానుక వెనుక కూడా ఒక పూట కష్టము ఉంటుంది. ఈ మాట ముందు చెప్పుకొనుట అవసరము.

చిన్ననాటి తెర

తెర మీద బొమ్మను నేను మొదటిసారి చూచినది 1989లో. అప్పుడు నాకు పదేండ్లు. కల్వకుర్తి దిక్కు మా అమ్మమ్మ ఊరిలో రచ్చకట్ట దగ్గర రెండు గుంజలు పాతి తెల్ల బట్ట కట్టారు. జీపులో ఒక 16 మిల్లీమీటర్ల ప్రొజెక్టరు, డీజిల్ జనరేటరు తెచ్చారు. చిత్రము "కరుణామయుడు". 1978లో వచ్చిన ఆ చిత్రములో విజయచందర్ గారు యేసు ప్రభువుగా నటించారు. సినిమా హాలు లేని ఎన్నో పల్లెలలో ప్రభువు కథను జనులు కన్నులతో చూచినది ఆ చిత్రములోనే. క్రైస్తవులే కాదు, ఊరు ఊరంతా చాపలు, గోనె సంచులు తెచ్చుకొని కూర్చున్నది.

మొదటి రీలు అయిపోయి రెండవది నడుస్తుండగా తెర ఒక్కసారి నల్లబడింది. రీలు తిరుగుతున్న చప్పుడు వినబడుతోంది గాని బొమ్మ లేదు. బల్బు పోయింది. ఆ ప్రొజెక్టర్లలో వాడే 24 వోల్టుల, 250 వాట్ల హాలోజన్ బల్బు ఆయుష్షు సుమారు 50 గంటలే. ఆపరేటరు దగ్గర ఉన్న అదనపు బల్బు ముందటి ఊరిలోనే కాలిపోయిందట. జనులు లేచి బట్టలు దులుపుకొంటున్నారు. ఆ ఆపరేటరు ఏమి చేశాడో నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంది. ఆయన ఊరిలో ఆగి ఉన్న ఒక లారీ దగ్గరకు వెళ్లి, డ్రైవరును బ్రతిమాలి, దాని హెడ్‌లైటు బల్బు అడిగి తెచ్చాడు. లారీ బ్యాటరీ కూడా 24 వోల్టులే గదా. తీగలతో దానిని ఎట్లాగో లోపల నిలబెట్టాడు. తరువాత మైకు పట్టుకొని ఇట్లా అన్నాడు: "అన్నా, అక్కా, అసలు బల్బు పోయింది. ఇది లారీ బల్బు. దీనికి అంత వెలుగు లేదు. మీరందరు దగ్గరికి జరుగుండ్రి. తెరను గూడ దగ్గరికి తెస్తా. బొమ్మ చిన్నగయితది గాని కనబడతది."

గుంజలు పెకిలించి తెరను ప్రొజెక్టరు దగ్గరకు తెచ్చారు. ఉన్న కొద్ది వెలుగు చిన్న జాగాలో పడింది గనుక బొమ్మ తేటగా వచ్చింది. దూరదూరముగా కూర్చున్న ఊరివారందరు ఒకరినొకరు ఆనుకొని కూర్చున్నారు. ఏ వాడ వారు ఆ వాడ వారి దగ్గర కూర్చునే ఆ దినములలో అది చిన్న సంగతి కాదు. సిలువ దృశ్యము వచ్చేసరికి మా అమ్మమ్మ భుజము మీద ఎవరి చెయ్యి ఉన్నదో ఆమెకే తెలియదు. ఆ రాత్రి నన్ను పరిచర్యకు నడిపించిన రాత్రులలో ఒకటి. దీనిని జ్ఞాపకముంచుకోండి. నేను దీనిని మరచిపోయి తప్పు చేశాను.

పిడికెడు బియ్యపు సొమ్ము

మా సంఘమునకు ప్రొజెక్టరు 2015లో వచ్చింది. హైదరాబాదులో స్థిరపడిన మా ఊరి కుటుంబము ఒకటి, తమ ఆఫీసులో వాడిన దానిని కొని మందిరమునకు ఇచ్చారు. వేసవిలో పిల్లల విబిఎస్‌కు, శుభ శుక్రవారమునకు, క్రిస్మస్ ముందు ఊరూరి కూటములకు దానిని త్రిప్పాము. నాలుగేండ్లు బాగానే పనిచేసింది. 2019 వర్షాకాలము నాటికి బొమ్మ పసుపుపచ్చగా, మసకగా రాసాగింది. ఎర్ర దీపము మిణుకుమిణుకుమనసాగింది. బల్బు మార్చాలని దాని అర్థము.

ధర విచారించాను. కంపెనీ బల్బు 9,500 రూపాయలు. ఆదివారము ఆరాధన తరువాత సంఘములో చెప్పాను. ఎవరూ సణగలేదు. స్త్రీల సమాజము వారు పిడికెడు బియ్యపు సొమ్ము ఇస్తామన్నారు. తెలియని పిల్లల కోసము చెప్తాను: మన ఇండ్లలో తల్లులు పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడెల్లా, కడిగే బియ్యములో నుండి ఒక పిడికెడు తీసి దేవుని కుండలో వేస్తారు. నెలకొకసారి ఆ బియ్యము మందిరమునకు తెచ్చి అమ్ముతారు. ఆ సొమ్ము ఎన్నో మందిరములకు పైకప్పు అయింది, ఎందరో పిల్లలకు ఫీజు అయింది. ఒక విధవరాలు కోడిని అమ్మి 300 తెచ్చింది. పట్నములో ఉన్న మేస్త్రీలు తలా వంద పంపారు. సెప్టెంబరు నెలాఖరుకు 9,500 నిండింది.

నేను ఆ డబ్బు తీసుకొని హైదరాబాదు వెళ్లాను. ఒక దుకాణములో అదే ప్రొజెక్టరుకు సరిపోయే బల్బు 2,600కే చూపించారు. డబ్బా చూడ్డానికి అసలు దానివలెనే ఉంది. "ఇదే వెలుగు సార్, పేరొక్కటే తేడా" అన్నాడు దుకాణదారుడు. నేను లోలోపల లెక్క వేసుకొన్నాను. మిగిలేది 6,900. మందిరపు యాంప్లిఫయరు మరమ్మతు 3,800. కరెంటు బిల్లు బకాయి 2,100. మంచము పట్టిన ఒక సహోదరునికి మందులకు 1,000. సరిగ్గా సరిపోయింది. ఇది దేవుడు చూపిన దారి అనుకొన్నాను. మంచి గృహనిర్వాహకుడనని నన్ను నేనే మెచ్చుకొన్నాను కూడ.

ఒక్క రూపాయి నా జేబులోనికి వెళ్లలేదు. ఈ మాట నా మనస్సాక్షిని చాలా కాలము నిద్రపుచ్చింది. కానీ లెక్కల పుస్తకములో నేను వ్రాసినది ఇది: "ప్రొజెక్టరు బల్బు, ఇతర మరమ్మతులు: రూ. 9,500." కమిటీ పెద్దలు సంతకము చేశారు. ఎవరును రసీదు అడుగలేదు. పాస్టరు గారి లెక్కకు రసీదు ఎందుకని వారి నమ్మకము. అది కంపెనీ బల్బు అని నేను చెప్పలేదు. కాదని కూడా చెప్పలేదు.

ఆరిపోయిన రాత్రి

మా ప్రొజెక్టరు చూచుకొనేవాడు ఇంటర్మీడియట్ చదివే ఒక పిల్లవాడు. పదిహేడేండ్లవాడు. తండ్రి పట్నములో తాపీ మేస్త్రీ. ఎవరు నేర్పకుండానే తీగలు, మైకులు, కంప్యూటరు అన్నీ పట్టుబడ్డాయి. కొత్త బల్బును బిగించినది కూడా అతడే. 

2019 డిసెంబరులో, క్రిస్మస్‌కు పది రోజుల ముందు, వాగు అవతలి ఊరిలో కూటము పెట్టాము. అదే "కరుణామయుడు". ఇప్పుడు రీళ్లు లేవు, జనరేటరు లేదు. అరచేతిలో పట్టే పెన్‌డ్రైవులో చిత్రమంతా ఇమిడింది. మూడు నాలుగు వందల మంది చలిలో దుప్పట్లు కప్పుకొని కూర్చున్నారు. గంట గడిచాక కరెంటు పోయి ఐదు నిమిషములలో వచ్చింది. పిల్లవాడు మళ్లీ వేశాడు. మరి పావుగంటకు "ఫట్" మని పెద్ద చప్పుడు. ప్రొజెక్టరు లోపలి నుండి గాజు రాలిన శబ్దము. చీకటి.

జనులు కొంతసేపు చూచి ఇండ్లకు వెళ్లిపోయారు. మాలో ఒక పెద్ద ఆ పిల్లవాని మీద లేచాడు. "కరెంటు వచ్చుడుతోనే వేస్తరారా? ముట్టొద్దన్నవి ముడుతవు. తొమ్మిదిన్నర వేలు మంట గలిపినవ్." పిల్లవాడు నా దిక్కు చూచాడు. అతడు ఏమి అడుగుచున్నాడో ఆ చూపులో నాకు అప్పుడు అర్థము కాలేదు. నేను అన్నది ఇది: "సరే పోనీయండి, చిన్నవాడు. చల్లారనియ్యకుండ వేసి ఉంటడు."

వినడానికి అది దయగల మాట. నిజానికి అది తీర్పు. ఆ మాటతో తప్పు అతనిదని తేలిపోయింది. నా 2,600 బల్బు సంగతి చీకటిలోనే ఉండిపోయింది.

క్రిస్మస్ ముందు రోజు అతని తల్లి మా ఇంటికి వచ్చింది. కొంగు ముడి విప్పి రెండు ఐదువందల నోట్లు తీసింది. "మా ఆయన తోలిచ్చిండు అయ్యగారూ. పిలగాడు దేవుని బల్బు పాడుజేసిండంట గద. అంతా ఇచ్చే తాహతు మాకు లేదు. ఇవన్న ఉంచుండ్రి" అన్నది. నేను వద్దనలేదు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. తీసుకొన్నాను. రసీదు కూడా వ్రాసి ఇచ్చాను. బల్బు కొన్నప్పుడు లేని రసీదు, ఆ తల్లి దగ్గర డబ్బు తీసుకొన్నప్పుడు వ్రాశాను.

ఆ దినము మొదలు ఆ పిల్లవాడు మందిరములో వెనుక వరుసలో కూర్చునేవాడు. మైకు కూత పెట్టినా లేచేవాడు కాడు.

కోఠి మెకానిక్కు చెప్పినది

2020 జనవరిలో ఆ ప్రొజెక్టరు పట్టుకొని కోఠి దగ్గర ఒక మెకానిక్కు వద్దకు వెళ్లాను. వయసు మళ్లిన ముసల్మాను సోదరుడు. పగిలిన బల్బును బయటకు తీసి, కళ్లద్దాలు సర్దుకొని చాలాసేపు త్రిప్పి చూచాడు. ఆయన చెప్పినది మీ అందరికి పనికి వచ్చేదే గనుక వివరముగా వ్రాస్తున్నాను.

ఇది మన ఇంటి బల్బు వంటిది కాదు. ఇందులో కాలే తీగ ఉండదు. లోపల శెనగ గింజంత ఖాళీ ఉన్న గట్టి గాజు బుడ్డి ఉంటుంది. అందులో పాదరసము. రెండు టంగ్‌స్టన్ మొనల మధ్య ఒక మిల్లీమీటరుకు కాస్త అటు ఇటుగా ఖాళీ. ఆ ఖాళీలో కరెంటు దూకి వెలుగు పుడుతుంది. ఫిలిప్స్ కంపెనీ 1995లో ఈ రకపు దీపమును ప్రొజెక్టర్ల కోసము తెచ్చింది. వెలిగేటప్పుడు ఆ బుడ్డిలో ఒత్తిడి, మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి సుమారు 200 రెట్లు. లారీ టైరులో ఉండేది ఏడెనిమిది రెట్లే. "సోచియే పాస్టర్ సాబ్, శెనగ గింజలో ఇరవై ఐదు లారీ టైర్ల జోరు" అన్నాడు.

అందువలన గాజు శుద్ధముగా ఉండాలి. బుడ్డి వెనుక ఉన్న గిన్నె అద్దము మధ్యలో సరిగ్గా నిలబడాలి. వెంట్రుకవాసి ప్రక్కకు ఒరిగినా వెలుగు తెర మీదికి కాక లోపల గోడల మీదికి పోతుంది. బొమ్మ మసకగా వస్తుంది, ఒక ప్రక్క వేడి ఎక్కువవుతుంది. మా బల్బు మెడ దగ్గర అంటించిన తెల్ల ముద్దను గోటితో చూపించాడు. వంకరగా ఉంది. లెక్క మీటరు చూచాడు. కొత్త బల్బు బిగించిన తరువాత నడిచినది 190 గంటలు. ఈ రకము దీపములు సాధారణముగా రెండు వేల నుండి నాలుగు వేల గంటలు వస్తాయి.

"చవకవన్నీ చెడ్డవా?" అని అడిగాను. "కాదు" అన్నాడు. ఆయన చెప్పిన ప్రకారము బజారులో మూడు రకములు ఉన్నాయి. ఒకటి, ప్రొజెక్టరు కంపెనీ తన పేరుతో అమ్మేది. రెండు, లోపలి బల్బు పేరున్న బల్బుల కంపెనీదే, బయటి ప్లాస్టిక్ గూడు మాత్రము వేరేవారిది. ఇది ధర తక్కువ, పని దాదాపు అదే. మూడు, లోపలా బయటా నకలు. దాని మీద పేరు అసలు దానిని పోలి ఉంటుంది, ఒక అక్షరము తేడా ఉంటుంది. నేను తెచ్చినది మూడవది.

చివరికి నేను అడగవలసినది అడిగాను. "కరెంటు పోయి వచ్చినప్పుడు పిల్లవాడు వెంటనే వేశాడు. అందుకే పగిలిందా?"

ఆయన కళ్లద్దాలు తీశాడు. "కరెంటు పోతే ఫ్యాను ఆగుతది. వేడి లోపలనే ఉంటది. అది మంచిది కాదు. కాని మంచి బల్బు గూడ ఎప్పుడన్న పగులతది. ఇది ఎందుకు పగిలిందో నేను కసమ్ తిని చెప్పలేను. కాని పిల్లవాని వల్లనే పగిలిందని ఎవ్వరు గూడ చెప్పలేరు. మీరు చెప్పిన్రా సాబ్?"

నేను జవాబు చెప్పలేదు. ప్రొజెక్టరును అక్కడే ఉంచి బయటకు వచ్చి, దేవరకొండ బస్సు ఎక్కాను. 

ఆ బస్సులో నాకు జ్ఞాపకము వచ్చినది అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయము. అననీయ, సప్పీరాల సంగతి మీద నేను పదిసార్లయినా ప్రసంగించి ఉంటాను. పేతురు వారిని తప్పుపట్టినది కొంత సొమ్ము అట్టిపెట్టుకొన్నందుకు కాదని నేనే సంఘమునకు బోధించాను. పొలము వారిదే, అమ్మిన సొమ్మూ వారి చేతిలోనిదే. సగమిస్తే సగమిచ్చామని చెప్పవచ్చును. సగము తెచ్చి అంతా అన్నట్లు పాదముల యొద్ద పెట్టుట వారి పాపము. వారు తమ సొంత సొమ్ము విషయములో అట్లు చేశారు. నేను పిడికెడు బియ్యపు సొమ్ము విషయములో చేశాను. పైగా శిక్షను పదిహేడేండ్ల పిల్లవాని మీద వేశాను.

అప్పుడే చిన్ననాటి ఆపరేటరు కూడ జ్ఞాపకమునకు వచ్చాడు. ఆయన బల్బు నాదానికంటె ఎన్నో రెట్లు తక్కువది. లారీ బల్బు. కానీ ఆయన మైకు పట్టుకొని ఇది లారీ బల్బని చెప్పాడు. చెప్పాడు గనుకనే జనులు దగ్గరకు జరిగారు.

వెనుక వరుస

సంక్రాంతికి ఆ పిల్లవాని తండ్రి ఊరికి వచ్చాడు. సాయంకాలము వారి ఇంటికి వెళ్లాను. కుర్చీ వేశారు. నేను కూర్చోలేదు. వెయ్యి రూపాయలు ఆ తండ్రి చేతిలో పెట్టి, బల్బు ధర ఎంతో, ఎక్కడ కొన్నానో, మిగిలిన సొమ్ము ఏమి చేశానో, ఆ రాత్రి ఎందుకు ఊరకున్నానో అంతా చెప్పాను. నన్ను క్షమించమని ఆ పిల్లవానిని అడిగాను.

తండ్రి నోట మాట లేదు. పిల్లవాడు తల వంచుకొని అన్నాడు: "నాకు ఎరుకే అయ్యగారూ. బిగించిన్నాడే డబ్బ మీద పేరు చూసిన. ఒక అక్షరం తేడ ఉన్నది."

"మరి ఆ రాత్రి ఎందుకు చెప్పలేదు బిడ్డా?"

"అందరి ముంగట ఎట్ల చెప్త అయ్యగారూ? మీరే చెప్తరని చూసిన."

ఆ రాత్రి అతడు నా దిక్కు ఎందుకు చూచాడో అప్పుడు అర్థమయింది. అతడు నన్ను బయట పెట్టగలవాడై ఉండి, నా మర్యాద కాపాడి, నిందను తాను మోశాడు. నేను నా మర్యాద కాపాడుకొనుటకు నిందను అతని మీద మోపాను. ఆ ఇంటి గడపలో ఎవరు కాపరియో, ఎవరు గొఱ్ఱెపిల్లయో నాకు తెలియలేదు.

తరువాతి ఆదివారము ప్రసంగమునకు ముందు సంఘములో అంతయు ఒప్పుకొన్నాను. ఆ పిల్లవాని మీద ఏ తప్పు లేదని అతని పేరు పెట్టి చెప్పాను. లెక్కల పుస్తకము తెచ్చి, పాత వరుసను కొట్టివేయక, దాని క్రింద నాలుగు వరుసలుగా సరియైన లెక్క వ్రాసి, పెద్దల చేత మళ్లీ సంతకము చేయించాను. కమిటీ నన్ను ఏమి చేయదలచినా ఒప్పుకొంటానని చెప్పాను. కొందరు నొచ్చుకొన్నారు. ఒక కుటుంబము రెండు నెలలు మందిరమునకు రాలేదు. వారిది తప్పని నేను అనను. పిల్లవానిని కేకలు వేసిన పెద్ద మాత్రము లేచి వెనుక వరుసకు వెళ్లి అతని ప్రక్కన కూర్చున్నాడు. 

కోడి అమ్మిన ఆ విధవరాలు ఆరాధన తరువాత నన్ను ఆపింది. "చవుకది తెస్తే తెస్తిరి అయ్యగారూ. మా ఇంట్ల మేము గూడ చవుకదే తెచ్చుకుంటం. మాకొక్క మాట చెప్తే వద్దంటుంటిమా? మిగిలిన పైసలు మందులకు పాయెనంటే మేము సంతోషపడకపోదుమా?" అన్నది. నేను దాచిన లెక్కలో వారి సంతోషము కూడ దాచబడి ఉన్నదని అంతవరకు నాకు తోచలేదు. ఆ సహోదరుని మందులకు వెళ్లిన వెయ్యి నిజముగా వారి కానుకే. వారిచ్చిన కానుకను వారికి తెలియకుండ నా ఉపకారముగా చేసుకొన్నాను.

ఇప్పుడు

ఆ మార్చిలో కరోనా వచ్చి కూటములన్నీ ఆగిపోయాయి. 2021 చివర మళ్లీ మొదలుపెట్టినప్పుడు, ఆ పిల్లవాడే వెళ్లి కోఠి మెకానిక్కును కలిసి రెండవ రకము బల్బు తెచ్చాడు. 5,200 రూపాయలు. రసీదు మందిరపు తలుపు ప్రక్కన అట్ట మీద అంటించాము. దాని క్రింద అతడే తన చేతివ్రాతతో, "ఇది కంపెనీ బల్బు కాదు. లోపలిది మంచిది, గూడు వేరే" అని వ్రాశాడు. చదివినవారు నవ్వుకొన్నారు. ఆ అట్ట ఇంకా ఉంది. అతడు తరువాత ఐటీఐలో ఎలక్ట్రీషియన్ పని నేర్చుకొన్నాడు. వాగుకు రెండు ప్రక్కలా సంఘములలో తీగల పని ఏదైనా అతడినే పిలుస్తారు.

ప్రొజెక్టరు ఉన్న సంఘములకు మా అనుభవముతో కొన్ని మాటలు. బల్బు కొనునప్పుడు పేరును అక్షరము అక్షరము చదవండి, రసీదు, వారంటీ అడగండి. బుడ్డిని వ్రేళ్లతో ముట్టకండి, చేతి జిడ్డు గాజుకు చెరుపు. కొత్తది బిగించిన తరువాతనే గంటల మీటరును సున్నకు త్రిప్పండి. మన ఎర్రమట్టి దుమ్ముకు గాలి జల్లెడ త్వరగా మూసుకొంటుంది గనుక తరచుగా దులపండి. ఆపిన తరువాత ఫ్యాను ఆగేవరకు ప్లగ్గు తీయకండి. కరెంటు పోయి వస్తే పావుగంట చల్లారనియ్యండి. ఒక చిన్న యూపీఎస్ ఉంటే ఇంకా మేలు. బల్బు పగిలితే లోపల పాదరసము ఉంటుంది. పిల్లలను దూరముగా పంపి, తలుపులు కిటికీలు తెరిచి, కొంతసేపు ఆగి, చీపురుతో ఊడ్వక గట్టి అట్టతో ఎత్తి, తడిగుడ్డతో తుడిచి, మూతగల సీసాలో వేయండి. మా కూటము ఆరుబయట జరిగినందున ఆ రాత్రి దేవుడు మా పిల్లలను కాపాడాడు. ఇప్పుడు బల్బు మార్చే పని లేని ఎల్‌ఈడీ, లేజరు ప్రొజెక్టర్లు కూడ వచ్చాయి. ఇరవై వేల గంటలు వస్తాయని వాటి కంపెనీలు చెప్తాయి. కొత్తది కొనే సంఘములు ఆ సంగతి కూడ విచారించండి.

బీద సంఘము చవక వస్తువు కొనుట పాపము కాదు. మన మందిరములు చవక రేకులతో, చవక చాపలతోనే కట్టబడ్డాయి, వాటిలో దేవుడు మనలను కలుసుకొన్నాడు. కానీ కొన్నది ఏమిటో, ఎంతకో కొన్నామో సంఘమునకు చెప్పండి. కాపరులారా, కమిటీ పెద్దలారా, మీ లెక్కల పుస్తకములో "ఇతరములు" అని వ్రాసిన వరుస ఏదైనా ఉంటే, ఈ వారము దానిని తీసి చూడండి. మీరు ఊరకున్నందువలన వెనుక వరుసలో కూర్చున్నవారు ఎవరైనా ఉన్నారేమో చూడండి. ఉంటే వారు మీ దగ్గరకు వచ్చేవరకు ఆగకండి. మీరే వారి ఇంటికి వెళ్లండి.

ప్రభువు మనకందరికి ఆ ధైర్యము అనుగ్రహించును గాక. ఆమేన్.